మూడేళ్లలో మూడుసార్లు విప్పిన బోటు ఇంజన్: సామాను కొనడంలో నేను చేసిన తప్పులు

తూర్పు తీరంలో మర బోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులే మా మెకానిక్కులకు సీజను. ఏడాదంతా పొగ కక్కుతూ తిరిగిన ఇంజన్లన్నీ ఒకేసారి ఒడ్డుకొస్తాయి. జూన్ 15 తెల్లారేసరికి అన్నీ సముద్రంలో ఉండాలి. కింద రాసిన కేసు అలాంటి ఒక నిషేధ కాలంలోది. బోటు ఏ రేవుదో, ఓనరు ఎవరో తెలిసే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా నోటుబుక్కులో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

బోటు, దాని చరిత్ర

చెక్క బోటు, 14 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, ట్రాలు వల లాగుతుంది. ఇంజన్ ఆరు సిలిండర్ల డీజిల్, టర్బో (గాలిని ఒత్తి ఇంజన్లోకి తోసేది) లేదు. ప్లేటు మీద 110 హార్స్ పవర్, 2000 ఆర్‌పీఎం అని ఉంది. గేర్ బాక్స్ మూడుకొకటి, అంటే ఇంజన్ మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది.

మన రేవుల్లో చాలా బోటు ఇంజన్లు లారీ ఇంజన్లకు అన్నదమ్ములే. బ్లాకు, క్రాంకు, పిస్టన్ల వరకు రెండింటికీ ఒకటే కుదురు. మానిఫోల్డు, నీళ్ల పంపు, కూలర్లు, డీజిల్ పంపు సెట్టింగు వేరు. ఈ చుట్టరికం వల్ల సామాను ఎక్కడైనా దొరుకుతుంది. ఏ ముక్క లారీది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు అన్న తికమక కూడా దానివల్లే వస్తుంది.

ఇంజన్ కొని పదిహేనేళ్లయింది. మొదటి పన్నెండేళ్లలో ఒక్కసారి రింగులు మార్చారు, అంతే. తర్వాత మూడేళ్లలో రెండు ఓవరాలింగులు. ఇప్పుడు నా దగ్గరికొచ్చింది మూడోసారి. ఈ లెక్క ఓనరు మొదటి రోజే చెప్పాడు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. రాసుకుని ఊరుకున్నాను.

విప్పినప్పుడు కనిపించినవి

వచ్చినప్పటి ఫిర్యాదులు నాలుగు: వల లాగేటప్పుడు నల్లపొగ, వేడి ఎక్కిపోవడం, బ్రీదర్ (ఇంజన్ ఊపిరి గొట్టం) నుంచి గాలి తన్నడం, ఆయిల్లో నీళ్లు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలమీగడ రంగులో ఉంది.

హెడ్డు లేపాక మూడు, అయిదు నంబర్ల పిస్టన్ల తల అంచులు కరిగినట్టున్నాయి, పై రింగులు గాడిలో ఇరుక్కుపోయాయి. మూడో లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) బయటికి లాగి, డీజిల్‌తో కడిగి, ఎండలో తిప్పుతూ చూశాను. నీళ్ల వైపు ఒక పక్కన మాత్రమే, పై నుంచి కిందికి వరసగా, చెదలు తిన్నట్టు సన్న గుంటలు. గుంటల్లో కుట్టుసూది పెట్టి ఒక్కొక్కటే తడిమాను. చాలావాటిలో సూది మొన ఆగింది. ఒకదాంట్లో ఆగలేదు, అవతలికి వచ్చింది. ఆయిల్లో నీళ్లు ఎక్కడివో తెలిసిపోయింది.

నీళ్లలో నేరుగా నిలబడే లైనర్లకు ఈ జబ్బు మామూలే. పిస్టన్ దిగేటప్పుడు ఒక పక్క గోడను తంతుంది. లైనర్ గంటలా అదురుతుంది. అవతల నీళ్లలో బుడగలు పుట్టి, లోహం మీదే పగులుతాయి. ఒక్కో పగులు ఒక్కో సూదిపోటు. కూలెంట్ కలిపిన మంచినీళ్లుంటే లైనర్ మీద సన్నటి పొర కట్టి కాపాడుతుంది. ఇక్కడ మంచినీళ్లే లేవు. రెండేళ్ల కిందట హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఇంజన్లో తిరిగే మంచినీళ్లను సముద్రపు నీళ్లతో చల్లార్చేది) కారుతోందని ఎవరో దాన్ని తప్పించి, సముద్రపు నీళ్లను నేరుగా బ్లాకులోకి తిప్పారు. వాటర్ జాకెట్లో స్క్రూడ్రైవర్‌తో గీకితే ఉప్పు, తుప్పు కలిసి పెచ్చులుగా ఊడొచ్చాయి.

దాంతో నాకు కారణం దొరికేసిందనుకున్నాను. వేడికి ఉప్పునీళ్లు, పిస్టన్లు కాలడానికి పాడైన నాజిళ్లు (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి). రెండూ నిజమే. కానీ సగం నిజాలు.

కొత్తది కొనాలా, ఇదే కట్టాలా

ఓనరు కొడుకు పాతికేళ్ల కుర్రాడు, ఫోనులో వీడియోలు చూసి వచ్చాడు. 'మేస్త్రీ, ఎలాగూ విప్పాం కదా, టర్బో పెట్టేద్దాం. లారీలకు పెడుతున్నారు, కిట్టు దొరుకుతోంది' అన్నాడు. తండ్రేమో 'ఒరే, ముందు నిషేధం అయిపోయేలోపు బయటికి రానీరా' అన్నాడు.

టర్బో వద్దనడానికి నా కారణాలు అతనికి కాగితం మీద రాసి చూపించాను. ఇది గాలి మామూలుగా పీల్చుకునే ఇంజన్. పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మి చల్లార్చే జెట్లు లేవు. కంప్రెషన్ ఎక్కువ. టర్బో పెడితే పిస్టన్లు, నాజిళ్లు, పంపు సెట్టింగు, కూలర్, అన్నీ మార్చాలి. అక్కడితో అయిపోదు. పెరిగిన తిప్పుడు బలాన్ని మోయాల్సింది గేర్ బాక్సూ, షాఫ్టూ. వాటిని ఈ బలానికి లెక్కవేసి పెట్టలేదు. పైగా లారీ ఎత్తు ఎక్కేటప్పుడు పది నిమిషాలు కష్టపడి, దిగేటప్పుడు ఊపిరి తీసుకుంటుంది. ట్రాలు బోటు మూడు నాలుగు గంటలు ఏకధాటిగా ఎత్తు ఎక్కుతూనే ఉంటుంది. చెక్క బోటు ఇంజన్ గదిలో ఎర్రగా కాలే టర్బో గురించి వేరే చెప్పాలా. కుర్రాడు ఒప్పుకోలేదు గానీ వాదించడం మానేశాడు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ మాట కూడా వచ్చింది. చెన్నై పుదుపేటలో లారీల నుంచి తీసిన ఇంజన్లు దొరుకుతాయి. దాని లోపల ఏముందో విప్పితే గానీ తెలియదు, విప్పాక మళ్లీ ఇదే ఖర్చు. మన క్రాంకు లోపల ఏముందో మనకు తెలుసు. మెషిన్ షాపులో పగుళ్ల పరీక్ష చేయించాను, బాగానే ఉంది. అంతకుముందు పది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గ్రైండింగ్ అయి ఉంది, ఇంకో పది తీస్తే సరిపోయింది. మొత్తం ఇరవై థౌ, అంటే అర మిల్లీమీటరు. ఆ సైజు బేరింగులు బజార్లో సులువుగా దొరుకుతాయి. బ్లాకు కూడా నిలిచింది కాబట్టి ఇదే కడదామని నిర్ణయించాను.

ప్లేటు చెప్పిన అబద్ధం

లైనరు, పిస్టన్ సెట్లకు ఇంజన్ ప్లేటు మీద ఉన్న మోడల్ చెప్పి విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాను. నాలుగు రోజులకు వచ్చాయి. పాత పిస్టన్ పక్కన కొత్తది పెడితే చూపుకి ఒకటే. బోరు ఒకటే, పిన్ను సైజు ఒకటే, లైనర్ నిక్షేపంగా దిగింది.

నాకున్న ఒక చాదస్తం ఆ రోజు కాపాడింది. కొత్త సెట్టు ఏదైనా ముందు ఒక్క సిలిండర్‌కే, రింగులు లేకుండా, ఉత్త పిస్టన్ వేసి పైకి తిప్పి డయల్ గేజ్‌తో చూస్తాను. పిస్టన్ తల బ్లాకు పై అంచు దాటి ఒకటిన్నర మిల్లీమీటరు పైకి లేచింది. బిగించాక హెడ్ గ్యాస్కెట్ మందమే అంత ఉండదు. స్టార్ట్ చేసి ఉంటే పిస్టన్ పోయి హెడ్డును కొట్టేది.

తేడా పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఉండే ఎత్తులో ఉంది. ఎందుకని బ్లాకు మీద తారు, పెయింటు గీకి చూస్తే, స్టార్టర్ మోటారు వెనక పోతలో వచ్చిన నంబరు బయటపడింది. ప్లేటు ఒక మోడల్‌ది, బ్లాకు ఆ తర్వాతి మోడల్‌ది. ఎప్పుడో బ్లాకు మార్చి, కాగితాల కోసం పాత ప్లేటు కొత్త బ్లాకుకు కొట్టారు. షాపువాళ్ల తప్పేం లేదు, నేను అడిగిందే ఇచ్చారు. సెట్టు వెనక్కి తీసుకున్నారు గానీ రానూపోనూ ఆరు రోజులు పోయాయి. రెండోసారి పోత నంబరు, పాత పిస్టన్ ఎత్తు, పిన్ను సైజు, లైనర్ కాలరు మందం కొలిచి, ఫోటోలు తీసి పంపాను.

లారీ సామాను ఎక్కడిదాకా

అప్పుడే సామాను మూడు కుప్పలుగా విడదీశాను. పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు, గైడ్లు లారీవే వేసుకోవచ్చు. అసలువో నకిలీవో చూసుకుంటే చాలు. డబ్బా మీది బొమ్మను నేను నమ్మను. రింగును లైనర్లో తలకిందులైన పిస్టన్‌తో సమంగా తోసి, నోటి ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలుస్తాను. బోరు ఒక్కో అంగుళానికి మూడు నాలుగు థౌ ఉండాలి. ఒకే డబ్బాలో ఆరు రింగులకు ఆరు ఖాళీలొస్తే డబ్బా వెనక్కే.

రెండో కుప్ప, లారీవి పనికిరానివి. బ్లాకు పక్కన కంతలు మూయడానికి కొట్టే కోర్ ప్లగ్గులు లారీకి ఇనుపవి వస్తాయి, బోటుకు ఇత్తడివి కావాలి. సముద్రపు నీటి పంపు లారీకి అసలుండదు. దానికి కంచు బాడీ, స్టెయిన్‌లెస్ షాఫ్టు చూసి కొన్నాను, ఇంపెల్లర్లు రెండు అదనంగా తీసుకున్నాను. చవక పంపు ఒకటి చూపించారు, ఇత్తడి బాడీది. ఉప్పునీళ్లలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి, మిగిలింది గులాబీ రంగు తిరిగి పెళుసవుతుంది. చేత్తో విరిచిన ముక్కలు నా షెడ్డులో ఉన్నాయి.

మూడో కుప్పలో ఒకటే వస్తువు, డీజిల్ పంపు. నేను అసలు తప్పు చేసింది అక్కడ.

పంపు దగ్గర నేను చేసిన తప్పు

పాత పంపు లోపలికి నీళ్లు దిగి ఎలిమెంట్లు (డీజిల్ నెట్టే ముక్కలు) బిగుసుకుపోయాయి. దాన్ని బాగుచేయించడానికి పంపు షాపువాళ్లు పది రోజులన్నారు. సీజను కదా, వాళ్ల బల్ల మీదా గుట్టలే. అదే కుదురు లారీ పంపు, రీకండిషన్ చేసింది, మర్నాడే దొరుకుతుందంటే తెచ్చేశాను. బోల్టులు కూర్చున్నాయి, పైపులు కూర్చున్నాయి. మే నాలుగో వారంలో ఇంజన్ స్టార్టయింది.

రేవు లోపల నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఇంజన్ తేనెలా నడిచింది. ట్రయల్‌కని బ్రేక్‌వాటర్ దాటాం. మొదటి పెద్ద అలకు వెనక భాగం లేచి ప్రొపెల్లర్ సగం గాల్లోకి వచ్చింది. ఇంజన్ ఒక్కసారిగా గోలపెట్టింది. సరంగు (బోటు నడిపేవాడు) థ్రాటిల్ లాగాడు. అల దిగగానే వేగం పడిపోయింది, మళ్లీ తోశాడు. అరగంట సేపు ఆ చెయ్యి థ్రాటిల్ మీది నుంచి తీయలేదు. ఒడ్డుకొచ్చాక 'ఇది ఇంజను కాదు బాబూ, పొగరుమోతు గుర్రం' అన్నాడు.

ఆ రకం లారీ పంపు గవర్నర్ (డీజిల్ ఎక్కువ తక్కువ చేసి వేగాన్ని అదుపులో పెట్టేది) రెండు చోట్లే పట్టుకుంటుంది: ఐడిల్ దగ్గర, గరిష్ఠ వేగం దగ్గర. మధ్యలో డ్రైవరు కాలే గవర్నర్. బోటుకు అలా కుదరదు. థ్రాటిల్ ఎక్కడ పెడితే అక్కడే, బరువు పెరిగినా తగ్గినా వేగం నిలబెట్టే అన్ని వేగాల గవర్నర్ కావాలి. పాత పంపుకు ఉన్నది అదే. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. టైము టెన్షన్‌లో, బోల్టు కూర్చుంటే చాలనుకున్నాను.

పాత పంపునే కొత్త ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులతో బాగుచేయించాను. డీజిల్ కొలత లారీ లెక్కన కాకుండా ఇంజన్ ప్లేటు మీది 2000 ఆర్‌పీఎం, బోటు పని లెక్కన పెట్టమని టెస్ట్ బెంచి దగ్గర నిలబడి పెట్టించాను. లారీ పంపు డబ్బు నా జేబులోంచి పోయింది.

అయినా పొగ

మే 31న మళ్లీ ట్రయల్. అలల మీద వేగం నిలబడింది. సరంగు సంతోషించాడు. కానీ ఫుల్ థ్రాటిల్‌లో నల్లపొగ. కొత్త పిస్టన్లు, కొత్త నాజిళ్లు, బెంచి మీద కట్టిన పంపు. పొగ ఎందుకు రావాలి?

ఇక్కడ చాలామంది చేసేది, నేనూ ఒకప్పుడు చేసింది, పంపులో డీజిల్ తగ్గించడం. పొగ తగ్గుతుంది, దాంతోపాటు బలమూ పోతుంది, జబ్బు లోపలే ఉంటుంది. ఈసారి చెయ్యి ఆపుకుని టాకోమీటర్ పట్టుకున్నాను. న్యూట్రల్‌లో 2150 దాకా వెళ్లింది. అంటే గవర్నర్ సరిగ్గానే ఉంది. గేరు వేసి, వల లేకుండా, ఫుల్ థ్రాటిల్‌లో 1780 దగ్గర ఆగిపోయింది. 2000 అందాల్సిన ఇంజన్ 220 తక్కువ దగ్గర ఊపిరాడక కొట్టుకుంటోంది. వల కడితే ఇంకా పడిపోతుంది. డీజిల్ పూర్తిగా పడుతోంది, దాన్ని కాల్చేంత గాలి ఆ తక్కువ వేగంలో అందడం లేదు. ఆ మిగులే నల్లపొగ, ఆ వేడే పిస్టన్ల తలలు తిన్నది.

అప్పుడు గుర్తొచ్చింది, మొదటి రోజు రాసుకున్న లెక్క. పన్నెండేళ్లలో ఒకసారి, మూడేళ్లలో మూడుసార్లు. మూడేళ్ల కింద ఏం మారింది?

ఓనరుని అడిగితే ఏం మారలేదన్నాడు. సరంగుని అడిగాను. 'అప్పుడే కదా బాబూ, ఇసక మేట తగిలి ప్రొపెల్లర్ రెక్క విరిగింది. వేరే బోటుది తెచ్చి వేశాం. దాని తోపు బాగుంటుందన్నారు' అన్నాడు.

బోటును స్లిప్‌వే మీదికి లాగించి, ప్రొపెల్లర్ బొడ్డు మీది గవ్వలు గీకితే అంకెలు బయటపడ్డాయి: 34 × 25. వ్యాసం 34 అంగుళాలు, పిచ్ 25. పిచ్ అంటే మెత్తటి చెక్కలో స్క్రూ దిగినట్టు, ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు పోవాల్సిన దూరం. లెక్క వేశాను. ఇంజన్ 2000 అయితే ప్రొపెల్లర్ 667. 667ను 25 అంగుళాలతో గుణిస్తే గంటకు దాదాపు 25 కిలోమీటర్లు, అంటే సుమారు 13.7 నాట్లు. ఈ పొట్ట బోటు ఖాళీగా పరిగెత్తినా 8 నాట్లు దాటదు. నీళ్లలో జారుడు కొంత ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఇంత తేడా ఉంటే మూడో గేరులో ఎక్కాల్సిన ఘాట్ రోడ్డును టాప్ గేరులో ఎక్కుతున్నట్టే. ఆ ప్రొపెల్లర్ ఇంతకంటే పెద్ద ఇంజన్ ఉన్న బోటుది.

ముందు రెండుసార్లు ఓవరాలింగ్ చేసిన మెకానిక్కుల పని తప్పని అనలేను. పాడైన ముక్కలు మార్చారు, పాడుచేస్తున్నది నీళ్ల కింద ఉంది. నేనూ అదే దారిలో నలభై రోజులు నడిచాను.

ఏ ప్రొపెల్లర్

ఉన్నదాన్నే వేడిచేసి రెక్కలు తిప్పి పిచ్ తగ్గించొచ్చు. ఒకటి రెండు అంగుళాల వరకు నేను ఒప్పుకుంటాను. నాలుగు తగ్గించాలంటే రెక్క మొదట్లో పగుళ్ల భయం, ఆకారం కూడా చెడుతుంది. ఎంత కావాలో అంచనాకు నేను వాడేది మోటు లెక్క: పిచ్ ఎంత పాలు తగ్గితే వేగం దాదాపు అందులో సగం పాలు పెరుగుతుంది. 25 నుంచి 21కి దిగితే 1780 కాస్తా 1920 దాకా రావాలి. ఫౌండ్రీలో 34 × 22 సిద్ధంగా ఉంది. దాన్నే తీసుకుని ఒక అంగుళం తగ్గించమన్నాను. కొత్తగా పోత పోయించే టైము లేదు.

జూన్ 9న ట్రయల్. ఖాళీగా 1940. వల కట్టి లాగితే 1850 నిలబడింది, పొగ పల్చటి బూడిద రంగు. కొడుకు వెనక డెక్కు మీద నిలబడి పొగగొట్టం వైపు చాలాసేపు చూశాడు. టర్బో మాట మళ్లీ ఎత్తలేదు.

నిజమైన అప్‌గ్రేడ్ ఖర్చు కూలింగు మీద పెట్టించాను. కీలు (బోటు అడుగు దూలం) కింద పైపులు వేసి, నీళ్లను వాటిలో తిప్పి చల్లార్చే పద్ధతి ఆలోచించాం. సముద్రపు నీటి పంపు గొడవ ఉండదు. కానీ ఈ బోటు ఇసక మేటలు తాకే దారిలో తిరుగుతుంది, ఆ పైపులు ఎన్నాళ్లుంటాయి? అందుకే పాత హీట్ ఎక్స్‌ఛేంజర్‌కే కొత్త కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) ట్యూబులు వేయించి, తుప్పు తనే తిని మిగతా లోహాన్ని కాపాడే జింక్ కడ్డీ పెట్టి, లోపల కూలెంట్ కలిపిన నీళ్లు పోశాం. ఆ నీళ్లు కూడా బోరు నీళ్లు కాదు, బ్యాటరీకి పోసేవి.

ఆ తర్వాత

ఇప్పుడు ఏ ఇంజన్ వచ్చినా సామాను లిస్టు రాసే ముందు రెండు పనులు చేస్తాను. బ్లాకు మీది పోత నంబరు గీకి ఫోటో తీస్తాను. ఇంజన్ కాస్తయినా నడిచే స్థితిలో ఉంటే, విప్పే ముందే ఒకసారి గేరు వేయించి ఫుల్ థ్రాటిల్ వేగం కొలుస్తాను. నడవకపోతే ప్రొపెల్లర్ బొడ్డు మీది అంకెలు, గేర్ బాక్స్ నిష్పత్తి రాసుకుంటాను. ఓనరుతో పాటు సరంగుని విడిగా కూర్చోబెట్టి అడుగుతాను. ఓనరుకు ఖర్చులు గుర్తుంటాయి, సరంగుకు దెబ్బలు గుర్తుంటాయి.

ఈ బోటు మరుసటి నిషేధ కాలంలో మళ్లీ వచ్చింది, చెకప్‌కే. డీజిల్ బాగా కలిసొచ్చిందని ఓనరు అన్నాడు గానీ ఆ లెక్క నేను నమ్మను. రెండేళ్ల వేట దూరాలు ఒకటి కావు. జింక్ కడ్డీ సగం తినేసి ఉంది, అంటే తన పని చేస్తోంది. ఇంజెక్టర్ల రంధ్రాల్లోంచి చూస్తే పిస్టన్ తలలు నిండుగా ఉన్నాయి. ఒక్కటే నచ్చలేదు. అడుగున గవ్వలు, నాచు పట్టాక ఫుల్ థ్రాటిల్ వేగం 1870కి పడింది. శుభ్రంగా ఉన్న అడుగుతో కొలిచి నేను 21 పెట్టాను. 20 పెట్టాల్సింది. ఆ ఒక్క అంగుళం ఈసారి తీయించాం.